మధ్యాహ్నపు గుంట

ఆ ఆఫీసులో అతన్ని అందరూ తిరకాసు అంటారు. ఎదుట అనరు, వెనక అంటారు. అతనికీ తెలుసు. ఒకళ్లు కష్టపడి కట్టినదాన్ని తోసి చూడ్డమే ఉద్యోగమైనవాడికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు?

కరెంటు పంచే ఆఫీసు అది. రేపు ఏ పేటకి ఏ గంటలో ఎంత కరెంటు కావాలో ముందుగా చెప్పే మోడళ్లని కంప్యూటర్లో తయారుచేసేవాళ్లు ఒక హాల్లో ఉంటారు. ఆ మోడల్ మాట నమ్మొచ్చో లేదో తేల్చేవాడు పక్కన చిన్న గదిలో ఉంటాడు. ఆ చిన్న గది తిరకాసుది. కిటికీ ఉంది గానీ తెరుచుకోదు, బయట ఏసీ డబ్బా అడ్డం. బల్ల మీద రెండు తెరలు, పిడి విరిగిన కప్పులో పెన్నులు. అతను సంతకం పెడితే మోడల్ కంట్రోల్ రూముకి పోతుంది. పెట్టకపోతే కట్టినవాళ్ల మొహానే తిరిగొస్తుంది.

ఈసారి మోడల్ కట్టినవాడి పేరు కూడా మారుపేరే, జోస్యుడు. చదువులో దిట్ట, మొహం మీద నవ్వు చెరగనివాడు. అతని మోడల్ రెండు పనులు చేస్తుంది. పేటపేటకీ అవసరం ఎంతో చెప్పడం ఒకటి. ఎండాకాలం కరెంటు చాలనప్పుడు ఎవరికి అవసరం తక్కువో చూసి వాళ్ల లైను తీసెయ్యమనడం రెండోది. ఇన్నాళ్లూ ఆ తీసే పని కంట్రోల్ రూములో మనిషి చేసేవాడు. ఇకమీదట మోడల్ చెప్తుంది, మనిషి మీట నొక్కుతాడు.

మోడల్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. పాత రీడింగుల్లో కొన్ని దాచిపెట్టి, మిగతావి చూపించి మోడల్‌కి నేర్పుతారు. తర్వాత దాచిన రోజుల గురించి అడుగుతారు. అది చెప్పింది దాచినదానికి ఎంత దగ్గరైతే అంత మంచి మోడల్. జోస్యుడి మోడల్ వేలు పెట్టి చూపించడానికి తప్పు లేకుండా చెప్పింది. హాల్లో చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినగానే తిరకాసు తన గదిలోకి వెళ్లిపోయాడు. అంత బాగా వచ్చిందంటే అతనికి భయం.

లైను లైనుకీ గీతలు తెరిచి చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిదో లైను దగ్గర చెయ్యి ఆగింది.

జోస్యుణ్ణి పిలిచాడు.

"ఏంటి సార్, దొరికిందా తిరకాసు?" అంటూ వచ్చాడు జోస్యుడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"దొరికింది, కూర్చో. ఎండ నెత్తిన ఉన్నప్పుడు అన్ని లైన్లూ పైకి పోతున్నాయి. ఈ ఎనిమిదోది ఒక్కటీ కిందికి దిగుతోందేం?"

తెర మీద గీత పొద్దున కాస్త ఎత్తులో ఉండి, మధ్యాహ్నానికి మెల్లిగా లోపలికి దిగి, సాయంత్రానికి మెల్లిగా పైకొస్తోంది. ఎవరో బొటనవేలితో మెత్తటి మట్టిలో నొక్కినట్టు గుంట.

"అది కాలవ అవతలి పేట సార్. ఒక్కో పేటది ఒక్కో అలవాటు. భోంచేసి పడుకుంటారేమో."

"పడుకోరు. మా అక్క ఉండేది అక్కడే. కరెంటు తీసేస్తారు."

జోస్యుడి నవ్వు కొంచెం తగ్గింది. "తీసేస్తే సున్నా ఉండాలి కదా సార్. ఇక్కడ సున్నాలు లేవు."

"ఉండేవి. మీ హాల్లో రీడింగులు శుభ్రం చేసేవాళ్లకి సున్నా కనపడితే మీటరు చెడిందని అనుమానం. ముందు గంటా వెనక గంటా చూసి మధ్యలో నింపేశారు. నీ మోడల్ ఆ నింపిన దాన్ని నేర్చుకుంది. పరీక్షకని మనం దాచిన రోజుల్నీ అలాగే నింపారు. ఇక తప్పు ఎక్కణ్ణుంచి కనపడుతుంది?"

జోస్యుడు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. "అయితే సార్, మోడల్ ఏమంటోందంటే..."

"మధ్యాహ్నం ఆ పేటకి కరెంటు అక్కర్లేదంటోంది. రేపు కరెంటు చాలనప్పుడు మొదట తీసేది వాళ్లదే. ఇన్నాళ్లూ మనిషి తీశాడు, అడిగితే తలొంచుకునేవాడు. రేపట్నుంచి కంప్యూటర్ చెప్పింది అంటాం. అడగడానికి కూడా ఎవరూ ఉండరు."

*

సంగతి మేడం గదికి వెళ్లింది. మేడం ఆ విభాగానికి పెద్ద. చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. ఆవిడ ఎదురుగా కంట్రోల్ రూము నుంచి షిఫ్టు పెద్దాయన కూర్చున్నాడు. ఏళ్ల తరబడి లైన్లు తీసిన చెయ్యి ఆయనది.

"ఎక్కడో అక్కడ తియ్యాలి కదమ్మా," అన్నాడాయన. "ఆస్పత్రిది తియ్యలేను. ఆఫీసర్ల ఇళ్ల లైను తీస్తే ఫోన్లు చేసి చెవి తినేస్తారు. కాలవ అవతలిది తీస్తే ఫోను రాదు."

"ఎందుకు రాదు?" అంది మేడం.

"మొదట్లో చేసేవాళ్లు. చేసి చేసి మానేశారు."

మేడం తిరకాసు వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు చెప్పింది అర్థమైంది. కానీ లేని అంకె పట్టుకుని ఉన్న అంకె తప్పంటే పైవాళ్లు నవ్వుతారు. అసలు అవసరం ఎంతో నాకు చూపించు."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు చెప్పాడు తిరకాసు. "ఒక వారం ఆ లైను ముట్టుకోకండి. ఎండ ముదిరిన వారమే పెట్టండి. కరెంటు పూర్తిగా ఉన్నప్పుడు వాళ్లు ఎంత వాడుకుంటారో కొలుద్దాం. మధ్యాహ్నం గుంట పూడితే మోడల్ తప్పు."

"పూడకపోతే?"

"సంతకం పెడతాను."

షిఫ్టు పెద్దాయన మూలిగాడు. ఆ వారం ఇంకెవరిదో తియ్యాలి, ఎవరి తిట్లో తినాలి. మేడం ఆయన్ని ఒప్పించింది. అంతా అయి లేవబోతుంటే జోస్యుడు మెల్లిగా అన్నాడు, "మీ అక్కగారు అక్కడే అన్నారు కదా సార్."

గదిలో అందరూ తిరకాసు వైపు చూశారు. అతనికి చెవులు వేడెక్కాయి.

"నీ అనుమానం సరైందే," అన్నాడు. "ముందే తెలిస్తే పేటంతా వారం పనులు దాచుకుని ఆ మధ్యాహ్నాల్లోనే కుమ్మేస్తారు. గీత ఆకాశానికి పోతుంది. అది అవసరం కాదు, ఆత్రం. అలాంటి కొలత నాకొద్దు. ఆ పేటలో ఒక్కరికీ తెలియకూడదు. మా అక్కకైనా చెప్పను."

అడగకుండానే ఆ షరతు అతనే పెట్టుకున్నాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని పెట్టుకున్నాడు. పరీక్షలు పెట్టేవాడికి పరీక్ష మైలపడటమంటే ఒంటి మీద జెర్రి పాకినట్టే. మేడం తల ఊపింది. జోస్యుడు "మీరంటే అందుకే గౌరవం సార్" అన్నాడు, ఎగతాళి లేకుండా.

*

పరీక్ష మొదలయ్యే ముందు శనివారం అక్క దగ్గరికి వెళ్లాడు. కాలవ మీద వంతెన దాటగానే రోడ్డు సన్నబడుతుంది. దుకాణాల ముందు రేకులు దించి ఉన్నాయి. మంగలి తన కుర్చీలో తనే నిద్రపోతున్నాడు. వెల్డింగు షాపు ముందు ఇనప చువ్వలు ఎండకి కాలుతున్నాయి, మనిషి లేడు.

అక్కది కుట్టుమిషన్ల షెడ్డు. పొడుగాటి రేకుల గది, నాలుగు మోటారు మిషన్లు, గోడకి ఇస్త్రీ బల్ల. తెల్లారకముందే ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఎండ ఎక్కేలోగా పని లాగేసి, మధ్యాహ్నం ఖాళీగా ఉండి, పొద్దు వాలాక మళ్లీ కూర్చుంటారు. తెల్లవారుజాము వెలుతురులో నల్ల గుడ్డ మీద నల్లదారం కుట్టి కుట్టి అక్క కళ్లు ఎప్పుడూ ఏదో దూరంగా ఉన్నదాన్ని వెతుకుతున్నట్టు ఉంటాయి.

అతను వెళ్లేసరికి మిషన్లు ఆపుతున్నారు. కరెంటు ఇంకా ఉంది.

"ఉంది కదా, ఆపేస్తారేం?" అన్నాడు.

"ఉన్నట్టుండి పోతే సూది గుడ్డలో దిగబడి దారం తెగుతుందండీ," అంది పొడుగామె. అక్కడ అందరికంటే పాత మనిషి. "పోయేవేళ మాకు తెలుసు. కాస్త ముందే ఆపుకుంటాం."

బావ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్చి కూడా దించేశాడు. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"అదెందుకు బావా?"

"తిరిగొచ్చేటప్పుడు ఎగదన్నుకుంటూ వస్తుంది బావమరిదీ, మీ కరెంటు. రెండు మోటార్లు కాల్చుకున్నాక బుద్ధొచ్చింది. సాయంత్రం దాకా దీన్ని ఎత్తను. ఇంతకీ మీ ఆఫీసులో పోతుందా ఎప్పుడైనా?"

"జనరేటరు ఉంది బావా."

"అబ్బో. అయితే మీకు కరెంటంటే టీవీలో చూసిన పులి అన్నమాట."

ఆడవాళ్లు నవ్వారు. గుమ్మం దగ్గర గాలి వచ్చేచోట చాప పరుచుకుని కూర్చున్నారందరూ. అతనికి మంచినీళ్లు ఇద్దామని అక్క ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల సీసాలు లేవు. అరల నిండా రంగు రంగుల దారపు ఉండలు.

"ఇదేంటక్కా!"

"మధ్యాహ్నమంతా ఆగిపోయే ఫ్రిజ్‌లో ఏం పెట్టుకోను? లోపల చల్లగా ఉండకపోయినా ఎలకలు దూరవు," అంటూ పై అరలోంచి గ్లాసు తీసి, మూల కుండలోంచి నీళ్లు ముంచింది.

తిరకాసు నవ్వాడు. ఆఫీసులో చెప్తే జోస్యుడు కూడా నవ్వుతాడనుకున్నాడు. ఒక అంకెలో చిన్న తేడా ఉంటే మూడు గదుల అవతల్నుంచి పట్టేవాడు, ఆ ఫ్రిజ్ ముందు నిలబడి నవ్వి ఊరుకున్నాడు.

నీళ్లు తాగాక అక్క దగ్గరగా వచ్చి కూర్చుంది.

"ఒరేయ్, ఒక సంగతి అడగాలి. ఆస్పత్రివాళ్ల దుప్పట్ల పని వచ్చింది. ఏడాది పొడుగునా ఉంటుంది. కానీ ఏ రోజు కట్ట ఆ రోజు సాయంత్రానికి అందాలి. మధ్యాహ్నం మిషన్లు తిరక్కపోతే అయ్యే పని కాదు. సోమవారం వాళ్ల మనిషి జవాబు కోసం వస్తాడు."

"ఊఁ."

"ఊఁ కాదు. నువ్వు కరెంటు ఆఫీసులోనే కదా ఉండేది. మధ్యాహ్నం కరెంటు ఇస్తారా ఇవ్వరా? ఒక్క ముక్క చెప్పు. ఇస్తారంటే ఒప్పుకుంటా, ఇంకో రెండు మిషన్లు తెచ్చుకుంటా. ఈ తెల్లవారుజాము కుట్టుడు మానేస్తా. నా కళ్లు పోతున్నాయిరా."

మాట గొంతు దాకా వచ్చింది. సోమవారం నుంచి వారం రోజులు పోదక్కా, ఆ వారం పేటంతా మామూలుగా పనిచేసుకుంటే చాలు, తర్వాత కూడా పోకుండా చూస్తాను. అంతే చెప్పాలి. కానీ అక్కకి చెప్తే పొడుగామెకి చెప్పినట్టే, పొడుగామెకి చెప్తే కాలవ గట్టు మీద దండోరా వేసినట్టే. అప్పుడు జోస్యుడు అడిగితే ఏం చెప్తాడు? ఇంకొక్క వారం. వారం ఆగితే ఆ గుంట పూడిపోతుంది, అప్పుడు గట్టిగానే చెప్పొచ్చు.

"నాకెలా తెలుస్తుందక్కా? నాది కంప్యూటర్ ముందు కూర్చునే పని. తీసేవాళ్లు వేరే."

చెప్తూ చెప్తూ చెయ్యి చెవి మీదికి పోయింది. చిన్నప్పట్నుంచీ అబద్ధమాడితే చెవి లాక్కునే అలవాటు అతనిది. అక్క ఆ చెయ్యి వంక చూసింది. లేచి చాప అంచు సరిచేసింది.

*

సోమవారం పొద్దున్నే వచ్చి తెర ముందు కూర్చున్నాడు. షిఫ్టు పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు, ఎనిమిదో లైను తియ్యలేదు. ఎండ ఎక్కింది. ఊళ్లో గీతలన్నీ లేస్తున్నాయి. ఎనిమిదోది కిందికి దిగింది.

మొదటిరోజు కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం అక్క ఫోను.

"ఒరేయ్, కరెంటు పోలేదు."

"అవునా."

"అవునా ఏంటి? పోయే వేళ దాటిపోయింది. పక్క సందులో కూడా ఉందట. ఎక్కడైనా తీగ తెగిపడిందేమో, ఏదో తప్పు జరిగిందేమో అంటున్నారందరూ. మీ బావ మెయిన్ దించేశాడు. ఉండకూడని వేళ ఉందంటే ఎక్కువ తక్కువ అయి మోటార్లు కాలతాయని భయం. నీకేమన్నా తెలుసా?"

తలుపు తీసే ఉంది, బయట హాల్లో జోస్యుడు కనపడుతున్నాడు. "తెలీదక్కా," అన్నాడు.

"ఆస్పత్రి మనిషి వచ్చి వెళ్లాడు. మా వల్ల కాదని చెప్పేశాను," అని పెట్టేసింది.

మంగళవారం గుంట అలాగే ఉంది. బుధవారం అలాగే ఉంది. కూర్చోలేక మధ్యాహ్నం ఆటో ఎక్కి కాలవ దాకా వెళ్లాడు. వంతెన మీదే ఆగిపోయాడు. దాటితే ఎవరో ఒకరు పలకరిస్తారు, నోరు జారుతుంది. అక్కణ్ణుంచే కనపడింది. స్తంభాల మీద తీగల్లో కరెంటు ఉంది. మంగలి కుర్చీలో నిద్రపోతున్నాడు. వెల్డింగు షాపు ముందు మనిషి లేడు. వీధి దీపం ఒకటి పట్టపగలు వెలుగుతోంది, ఆర్పే దిక్కులేక. తెల్లవారుజామునే పని ముగించుకున్న పేట, ఎండలో కళ్లు మూసుకుని, రాని చీకటి కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

అక్కడ నిలబడ్డప్పుడు అర్థమైంది తిరకాసుకి. చెమటతో తడిసిన చొక్కా వెన్నుకి అంటుకుపోయింది. దారపు ఉండల ఫ్రిజ్, ముందే ఆపిన మిషన్లు, బావ దించిన మెయిను. శనివారం అవన్నీ తన కళ్లముందే ఉన్నాయి. గీతలో కోతకి ముందు గంట కూడా ఎందుకు పలచగా ఉందో తనకి తట్టనే లేదు. పేటకి ముందే చెప్తే కొలత చెడుతుందనుకున్నాడు. అది ఏళ్ల కిందటే చెడిపోయి ఉంది.

శుక్రవారానికి ఒకళ్లిద్దరికి ధైర్యం వచ్చినట్టుంది. మధ్యాహ్నం గీత వెంట్రుకవాసి తలెత్తింది. శనివారం ఇంకొంచెం ఎత్తింది. ఆదివారంతో వారం అయిపోయింది.

*

మేడం గదిలో మళ్లీ అందరూ కూర్చున్నారు. జోస్యుడు గీతలు గోడ మీద వేశాడు. మోడల్ చెప్పింది ఒకటి, నిజంగా వచ్చింది ఒకటి. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

"ఇది మోడల్‌కి గెలుపు కాదు మేడం," అన్నాడు తిరకాసు. "వాళ్లు భయపడి స్విచ్చులు దించుకున్నారు. ఏళ్ల తరబడి తీసి తీసి, ఆ వేళకి ఏ పనీ పెట్టుకోకుండా బతకడం నేర్పేశాం. కోతని నేర్చుకున్నది మోడల్ ఒక్కటే కాదు, పేట కూడా నేర్చుకుంది."

"అయితే మోడల్ పేటని సరిగ్గానే నేర్చుకున్నట్టు కదయ్యా," అంది మేడం. ఆవిడ వెటకారానికి అనలేదు. నిజంగానే అలా అనిపించి అంది.

"శుక్ర, శనివారాలు చూడండి. లేస్తోంది. రెండు నెలలు ఇవ్వండి, కరెంటు పోదని ముందే చెప్పి ఇద్దాం. అప్పుడు కొలుద్దాం."

"చెప్పకూడదన్నది ఎవరు?"

"నేనే మేడం," అన్నాడు తిరకాసు.

"రెండు నెలలు వేరే ఎవరిది తియ్యనమ్మా?" అన్నాడు షిఫ్టు పెద్దాయన. "ఈ వారానికే ఆఫీసర్ల ఇళ్లవాళ్లు నా ఇంటి పేరు ఎత్తి మరీ తిట్టారు."

జోస్యుడు గొంతు సవరించుకున్నాడు. నవ్వు లేదు మొహంలో. అది ఉన్నా బాగుండేది. "సార్, నేను చేరిన కొత్తలో మీరే చెప్పారు. ఫలితం చూశాక షరతు మార్చేవాడు పరీక్ష పెట్టకూడదు, పెళ్లి సంబంధాలు చూసుకోవాలి అన్నారు. హాలంతా నవ్వాం."

తిరకాసుకి గుర్తుంది. ఆ జోకు అతనికి ఇష్టం. ప్రతి ఏడూ కొత్తవాళ్లకి చెప్తాడు.

"నువ్వు పెట్టిన పరీక్ష, నువ్వు ఎంచుకున్న వారం, నువ్వు పెట్టిన షరతు," అంది మేడం. "సంతకం పెట్టనంటే పై వాళ్లకి నేనేం చెప్పను? మీ మనిషికి అక్కడ అక్క ఉంది, అందుకని పెట్టట్లేదని చెప్పనా?"

పెట్టాడు. పెట్టేముందు పేజీడు వివరం రాశాడు, ఎనిమిదో లైను అంకెల్ని ఎందుకు నమ్మకూడదో. మేడం చదివి, బాగా రాశావంది. దాన్ని నివేదిక చివర, పట్టికల తర్వాత, ఎవరూ తిప్పని చోట కలిపారు.

మోడల్ కంట్రోల్ రూముకి పోయింది. వెళ్లిన మొదటి మధ్యాహ్నమే ఎనిమిదో లైను తియ్యమంది. షిఫ్టు పెద్దాయన మీట నొక్కి, "హమ్మయ్య, ఇక నా చేతిలో లేదు" అన్నాడట.

*

కొన్నాళ్లు అక్క దగ్గరికి వెళ్లలేకపోయాడు. ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేవాడు. ఒకరోజు సెలవు పెట్టి వెళ్లాడు. ఎండ ముదరకముందే వెళ్లాడు, మిషన్లు తిరుగుతుండగా. అక్క చివరి మిషను మీద ఉంది, గుడ్డకి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టుకుని కుడుతోంది.

ఆ వారం సంగతి అతనే ఎత్తాడు. మిషన్ల చప్పుడులో మొత్తం చెప్పాడు. గుంట, పరీక్ష, చెప్పకూడదన్న షరతు, సంతకం. అక్క కాలు తియ్యకుండా విన్నది. గుడ్డ చివరిదాకా కుట్టి, దారం పళ్లతో తెంపి, అప్పుడు తలెత్తింది.

"అంటే శనివారం నేను అడిగేసరికి నీకు తెలుసు."

"తెలుసు."

"చెవి లాక్కున్నావు, అప్పుడే అనుకున్నా. ఏదో ఆఫీసు రహస్యం కాబోలు, వీడి ఉద్యోగానికి చేటని ఊరుకున్నా." మడత పెట్టిన గుడ్డని మళ్లీ విప్పి మళ్లీ మడిచింది. "నువ్వు చెప్పి, నేను ఒప్పుకుని, నా నాలుగు మిషన్లూ మధ్యాహ్నం తిరిగి ఉంటే, మీ గీత లేచేదా?"

"నాలుగింటితో లేవదక్కా."

"పేటంతా తిప్పుకుని ఉంటే?"

"లేచేది."

"లేస్తే అది దొంగలెక్క అంటావు."

అతను వంగి నేల మీద పడ్డ గుడ్డ ముక్క ఏరాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి బావ అన్నాడు, "పోనీలేవే, వాడు మాత్రం కావాలని చేశాడా? మన మంచికే చూశాడు." తర్వాత తిరకాసు వైపు తిరిగి, "నాకొకటే అర్థం కాలేదు బావమరిదీ. ఆ పరీక్ష పెట్టింది మిషనుకా, మాకా?" అన్నాడు. ఎప్పటిలాగే హాస్యానికి అన్నాడు గానీ, ఈసారి ఆడవాళ్లు నవ్వలేదు.

"దుప్పట్ల పని ఎవరికి పోయింది?" అన్నాడు తిరకాసు, ఏదో ఒకటి అనాలని.

"ఆఫీసర్ల ఇళ్ల వెనక కొత్తగా షెడ్డు పెట్టారు, వాళ్లకి. అటువైపు కరెంటు పోదట కదా." అక్క కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. "నీ తప్పు కాదులేరా. అడగడం నాదే తప్పు. పోకపోతే పోలేదని నమ్మి కూర్చోవాల్సింది. పోతుందనే కూర్చున్నాను. నిన్ను పెంచినదాన్ని, నీలాగే ఉంటాను మరి, ముందే లెక్క వేసుకుని."

ఆ మాటకి చివుక్కుమంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొడుగామె మిషను ఆపి గుడ్డ మడిచింది. పక్కామె ఆపింది. వరసగా నాలుగూ ఆగాయి. బావ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, గోడ దగ్గరికి నడిచి మెయిన్ దించాడు. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. గుమ్మం దగ్గర చాప పడింది. అక్క గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది.

అతను బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. వీధి దీపం ఇంకా పట్టపగలు వెలుగుతూనే ఉంది. చూస్తుండగా ఆరిపోయింది. ఆ వీధిలో ఆ వేళకి ఆరడానికి మిగిలింది అదొక్కటే. కరెంటు పోయిందని అతను తప్ప ఇంకెవరూ తలెత్తి చూడలేదు.